బూడిద ఊడ్చేయకండి!

ఇల్లు కాలితే మంటలు ఆర్పడంతో సగం పనే అవుతుంది. బీమా సొమ్ము చేతికి అందేదీ లేనిదీ ఆ తర్వాతి రెండు మూడు రోజులను బట్టే ఉంటుంది.

ఫైరింజను వెళ్లిపోతుంది. గోడలన్నీ మసి, నేలంతా నల్లటి నీళ్లు. చుట్టాలూ ఇరుగుపొరుగూ పరుగున వస్తారు. 'ఈ దరిద్రమంతా కళ్లముందు ఎందుకమ్మా' అంటూ తలో చీపురూ పట్టుకుంటారు. సాయంత్రానికల్లా కాలిన మంచం, కరిగిన టీవీ చెత్తబండి ఎక్కేస్తాయి. సాయానికి వచ్చినవాళ్లది మంచి మనసే. కానీ ఆ బండిలోనే మీ సాక్ష్యమూ వెళ్లిపోతుంది.

బీమా కంపెనీ పంపే సర్వేయరు కంటితో చూసిన దాన్నిబట్టే నష్టం లెక్కకడతాడు. ఫ్రిజ్ మాడిపోయినా వెనక మోడల్ నంబరు చదవగలిగేలా మిగిలితే, బిల్లు లేకున్నా అది ఏ రకమో తెలుస్తుంది. మంట తాకని బీరువాలోనూ వేడికి పట్టుచీరలు రంగుమారి, మడతల దగ్గర ముట్టుకుంటే చిట్లిపోతాయి. వాటినీ నష్టంలోనే చూపించాలి. మంటలార్పేందుకు కొట్టిన నీళ్లకు ఉబ్బిన తలుపులు, పొగ పట్టిన పరుపులు కూడా అంతే. అందుకే సర్వేయరు చూసేదాకా కాలినవాటిని కదపొద్దు. బాగున్న సామాను మాత్రం వేరుచేసి భద్రపరచండి. కప్పు తెరుచుకుపోతే టార్పాలిన్ కప్పండి. ఉన్న నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత.

వెంటనే చేయాల్సినవి

కరెంటు, గ్యాస్ ఆపించాక కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. అదే సమాచారం మెయిల్‌లోనూ పంపండి. పోలీసులకు చెప్పండి, ఫైర్ స్టేషన్ నివేదికకు దరఖాస్తు పెట్టండి. గది గదికీ ఫొటోలు, వీడియోలు తీయండి. పోయిన ప్రతి వస్తువూ, కొన్న ఏడాదీ, ఇప్పటి ధరా జాబితాగా రాయండి. బిల్లులు కాలిపోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు వెతకండి. గృహప్రవేశం, పుట్టినరోజు వీడియోల్లో వెనకాల కనిపించే సోఫా కూడా పనికొచ్చే ఆధారమే.

పాలసీలో ఏముంది?

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. ఇంటికి చేసిన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకూ సామానుకు దానంతటదే రక్షణ ఉంటుంది. శిథిలాలు తొలగించే ఖర్చుకు క్లెయిములో 2 శాతం దాకా ఇస్తారు. ఇల్లు బాగయ్యేదాకా వేరేచోట అద్దెకుంటే ఆ అద్దెకూ వీలుంది. చాలామంది అడగక పోగొట్టుకునేవి ఇవే.

ఇందులో లేనివీ తెలియాలి. బీమా నిర్మాణ వ్యయానికే. స్థలం విలువకు కాదు. నగదుకు పరిహారం రాదు. నగలకు విడిగా విలువ చెప్పి బీమా చేయించుకోవాలి. షార్ట్ సర్క్యూట్‌తో ఏసీ కాలితే ఆ ఏసీకి ఇవ్వరు, దాని మంటకు అంటుకున్న మంచం, కర్టెన్లకు ఇస్తారు. గృహరుణంతో పాటు తీసుకున్నది జీవిత బీమానా, ఇంటి బీమానా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. రెండూ ఒకటి కావు.

సిలిండర్ పేలితే...

వంటగ్యాస్ ప్రమాదాలకు చమురు సంస్థలే బీమా చేయించి ఉంచుతాయి. దీనికి వినియోగదారు ప్రీమియం కట్టక్కర్లేదు. మరణిస్తే ఒక్కొక్కరికి రూ.6 లక్షలు, గాయపడితే వైద్యానికి ఒక్కొక్కరికి రూ.2 లక్షల వరకూ, కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి రూ.2 లక్షల వరకూ వస్తుంది. ప్రమాదం జరగగానే గ్యాస్ డీలరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

తక్కువిస్తే తలవంచొద్దు

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం క్లెయిమ్ అందిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. 15 రోజుల్లో నివేదిక రావాలి. ఆపై 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. పత్రాలు లేవన్న సాకుతో క్లెయిమును కొట్టేయకూడదు. ఇస్తామన్న మొత్తం తక్కువనిపిస్తే సర్వే నివేదిక ప్రతి అడగండి. ఏ వస్తువుకు ఎంత కోశారో చూసి, అభ్యంతరం రాసివ్వండి. డబ్బు అవసరమై, సొమ్ము ముట్టిందని రాసిచ్చే డిశ్చార్జ్ వోచరు మీద సంతకం చేసినా, మిగతాది అడిగే దారి మూసుకుపోదు.

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. హైదరాబాద్ కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలకూ పనిచేస్తుంది. రూ.50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాదిలోపు వెళితే చాలు. వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉంటుంది.

ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఆఫీసుల్లో చేతులు కట్టుకుని నిలబడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. క్లెయిమ్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. ప్రీమియం కట్టి కొనుక్కున్న మాట అది. ఈ ఆదివారమే పాలసీ బయటికి తీసి చదవండి. ఫోనుతో ఇల్లంతా ఒకసారి వీడియో తీసి, మీ మెయిల్‌కే పంపుకోండి. ఆ అరగంట పని, అవసరం పడిన రోజున మీ మాటకు బలమవుతుంది.