బస్సులో మిగిలిన విభక్తి

ఈ రోజు మీరు కాలేజీకి ఏ బస్సులో వెళ్లారు? నేను అడిగేది నంబరు కాదు. అసలు "బస్సు" అనే మాటకు అర్థం ఏమిటని అడుగుతున్నాను.

1820ల్లో ఫ్రాన్సులో గుర్రాలు లాగే ఒక పెద్ద బండి వీధుల్లోకి వచ్చింది. డబ్బిచ్చి ఎవరైనా ఎక్కవచ్చు. అందుకని దానికి "ఓమ్నిబస్" అనే లాటిన్ మాటను పేరుగా పెట్టారు. "అందరి కొరకు" అని దాని అర్థం. 1829లో అలాంటి బండే లండన్‌లోనూ తిరగడం మొదలుపెట్టింది. పేరు పొడవుగా ఉందని జనం ముందు భాగాన్ని కత్తిరించేశారు. తమాషా ఏమిటంటే, "అందరు" అనే అర్థమంతా ఆ కత్తిరించిన "ఓమ్ని"లోనే ఉంది. మిగిలిన "బస్" ఒట్టి ప్రత్యయం, మన "కొరకు" లాంటిది. అంటే మీరు రోజూ ఎక్కి దిగేది ఒక చతుర్థీ విభక్తి బహువచన ప్రత్యయాన్నన్నమాట!

సైన్సు పత్రికలో వ్యాకరణం ఏమిటని అనుకోకండి. మీ వృక్షశాస్త్రం రికార్డులో, డాక్టరు రాసిచ్చే చీటీలో, గడియారం మీది ఏ.ఎం., పి.ఎం.లలో కూడా ఈ విభక్తులే ఉన్నాయి. వాటి సంగతి తెలిస్తే బట్టీ పట్టడం సగం తగ్గుతుంది.

కుక్క కరిచిందా, పిల్లి కరిచిందా?

"కుక్క పిల్లిని కరిచింది." ఈ మాటలను "పిల్లిని కుక్క కరిచింది" అని తిప్పి రాసినా అర్థం మారదు. కరిపించుకున్నదెవరో "ని" అనే ప్రత్యయం చెబుతోంది. ఇంగ్లీషులో ఇలా తిప్పితే కుక్క, పిల్లి తారుమారవుతాయి. లాటిన్ ఈ విషయంలో మన పక్షమే. "కానిస్ ఫెలెమ్ మోర్డెట్" అన్నా, "ఫెలెమ్ కానిస్ మోర్డెట్" అన్నా కుక్కే పిల్లిని కరుస్తోంది. జంతుశాస్త్రంలో మీరు చదివిన కానిస్, ఫెలిస్‌లే ఇవి. ఫెలిస్ ద్వితీయా విభక్తిలో "ఫెలెమ్" అయింది.

లాటిన్‌లో విభక్తులు ఆరు: ప్రథమ, షష్ఠి, చతుర్థి, ద్వితీయ, పంచమి, సంబోధన. వాళ్ల వ్యాకరణ పుస్తకాల్లో సాధారణంగా కనిపించే వరుస ఇదే. మరి తృతీయ, సప్తమి ఏమయ్యాయి? వాటి పని చాలావరకు పంచమి నెత్తిన పడింది. "అక్వ" అంటే నీరు. రసాయనశాస్త్రంలో చదివే "ఆక్వా రీజియా" (రాజద్రవం) లోని మాటే. "అక్వే" అంటే నీటి యొక్క, లేదా నీటికి. "అక్వమ్" అంటే నీటిని. చివరి అచ్చును దీర్ఘం చేసి "అక్వా" అంటే అది పంచమి. దానికి నీటి నుంచి, నీటితో, నీటిలో అనే మూడు అర్థాలూ సందర్భాన్ని బట్టి వస్తాయి. రోమన్ లిపిలో ఈ హ్రస్వ దీర్ఘాల తేడా మామూలుగా కనబడదు. మన లిపిలో రాస్తే తేటగా కనబడుతుంది.

"ఇన్" అనే చిన్న మాట పక్కన విభక్తి మారితే ఏమవుతుందో చూడండి. "ఇన్ అక్వా" అంటే నీటిలో. "ఇన్ అక్వమ్" అంటే నీటిలోకి. కప్ప నీటిలో ఉందా, నీటిలోకి దూకిందా అన్నది చివరి అక్షరం తేలుస్తుంది. మనం "లో"కు "కి" చేర్చి చెప్పేదాన్ని వాళ్లు పంచమిని ద్వితీయగా మార్చి చెప్పారు. ప్రయోగశాలల్లో వినిపించే "ఇన్ విట్రో"లో "విట్రుమ్" అంటే గాజు, "విట్రో" దాని పంచమి. అంటే "గాజులో" జరిగిన ప్రయోగం. "ఇన్ సైటు" అంటే ఉన్నచోటనే. "ఎక్స్ సైటు" అంటే ఆ చోటికి వెలుపల. పులులను అడవిలో కాపాడటం మొదటిది, జంతుప్రదర్శనశాలలో పెంచడం రెండోది. ఇక "ఆంటే మెరిడియమ్", "పోస్ట్ మెరిడియమ్" అంటే మధ్యాహ్నానికి ముందు, మధ్యాహ్నం తర్వాత. ఇక్కడ "మెరిడియమ్" ద్వితీయ.

ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టు అనిపించాలి. తల్లులకు అనడానికి సంస్కృతంలో "మాతృభ్యః", లాటిన్‌లో "మాత్రిబుస్". భ్యస్, బుస్ చుట్టాలే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఇలాంటి పోలికలు చూసే. తెలుగు ఆ కుటుంబానిది కాదు. ఆ మాటను 1816లో మద్రాసులో ఎల్లిస్ రుజువులతో చూపించాడు. తేడా ప్రత్యయాల్లోనే పట్టుకోవచ్చు. "పిల్లలకు"లో బహువచనం "ల"ది, విభక్తి "కు"ది. రెంటినీ విడదీసి చూపించవచ్చు. "బుస్"లో ఆ రెండూ కరిగి ఒకటైపోయాయి. ఏ ముక్క బహువచనమో, ఏ ముక్క చతుర్థో చెప్పలేం.

నిఘంటువులో రెండు రూపాలు ఎందుకు?

లాటిన్ నామవాచకాలను ఐదు గణాలుగా విభజించారు. వీటినే డిక్లెన్షన్లు అంటారు. రామ శబ్దం, హరి శబ్దం లాంటి మూసలని అనుకోండి. ఏ మాట ఏ మూసలోదో ప్రథమను చూసి చెప్పడం కష్టం. అందుకే నిఘంటువులో ప్రథమ పక్కనే షష్ఠి కూడా ఇస్తారు. "గొంతు పట్టుకోవాలంటే షష్ఠిని పట్టుకో" అని లాటిన్ నేర్చుకునేవాళ్లకు నేను చెబుతూ ఉంటాను. మన "నీరు" విభక్తి తగలగానే "నీటి" అవుతుంది, "ఇల్లు" "ఇంటి" అవుతుంది. పదో తరగతిలో ఔపవిభక్తికాలని చదివినవి ఇవే. అలాగే లాటిన్ "జీనస్" షష్ఠిలో "జెనెరిస్" అవుతుంది. బహువచనం "జెనెరా" ఎందుకయిందో, "జెనెరిక్" అనే మాటలో ర ఎక్కడ నుంచి ఊడిపడిందో ఇప్పుడు తెలిసింది కదా! "స్పీషీస్" ఐదో గణానిది. దాని ప్రథమ ఏకవచనం, బహువచనం ఒకేలా ఉంటాయి. చివర "స్" ఉంది కాబట్టి బహువచనం అనుకుని, ఒక్క జాతిని "స్పీషీ" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఫంగస్‌కు ఫంగై, న్యూక్లియస్‌కు న్యూక్లియై అన్నారు కదా అని వైరస్‌కు "వైరై" అనకండి. విషం అనే అర్థం గల ఆ మాట "అస్"తో ముగిసినా నపుంసకలింగం. ప్రాచీన లాటిన్‌లో దానికి బహువచనం వాడుకలో లేదు. ఇక "విరి" అంటే మగవాళ్లు!

పెసలు మారాయి, మినుములు మారలేదు

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయని మీకు తెలుసు. ముందు ప్రజాతి, తర్వాత జాతిని తెలిపే మాట. ఈ రెండో మాట సాధారణంగా మూడు రకాల్లో ఒకటై ఉంటుంది.

విశేషణమైతే ప్రజాతి లింగాన్ని అనుసరించాలి. వరి "ఒరైజా సటైవా", వెల్లుల్లి "అల్లియం సటైవం", కుంకుమపువ్వు "క్రోకస్ సటైవస్". మూడింటిలోనూ ఉన్నది "సాగు చేసేది" అనే ఒకే విశేషణం. అది వరుసగా స్త్రీ, నపుంసక, పుంలింగాల్లో ఉంది. మామిడి "మాంజిఫెరా ఇండికా", నువ్వులు "సెసామం ఇండికం". మరి చింత "టామరిండస్ ఇండికా" ఎలా అయింది? "ఇండికస్" కావద్దా? ఇక్కడే చాలామంది తప్పు రాస్తారు. "అస్"తో ముగిసినా చెట్ల పేర్లను స్త్రీలింగంగా వాడటం రోమన్ల ఆచారం. వృక్షశాస్త్రం దాన్ని చాలావరకు నిలుపుకుంది. రావి "ఫైకస్ రెలిజియోసా" కావడానికీ కారణం ఇదే.

రెండో రకం నామవాచకం. అది ప్రజాతి పక్కన ప్రథమలోనే నిలబడుతుంది, లింగంతో దానికి పనిలేదు. ఈ రెండు రకాల తేడా మన వంటింట్లోనే తెలుస్తుంది. పెసలకు లిన్నేయస్ పెట్టిన పేరు "ఫాసియోలస్ రేడియేటస్", మినుములకు పెట్టినది "ఫాసియోలస్ ముంగో". తర్వాత రెంటినీ "విగ్నా" ప్రజాతిలోకి మార్చారు. 1954లో పెసర "విగ్నా రేడియేటా" అయింది. ప్రజాతి స్త్రీలింగమైంది కాబట్టి విశేషణమూ మారింది. 1956లో మినుము "విగ్నా ముంగో" అయింది. ముంగో నామవాచకం కాబట్టి చెక్కు చెదరలేదు. అన్నట్టు, హిందీలో ముంగ్ అంటే పెసలే. ఆ పేరు పోయి పోయి మినుముకు తగులుకుంది!

మూడో రకం షష్ఠి. చెరకు "సాకరం అఫిసినారం". రెండూ "అం"తో ముగిశాయి కాబట్టి విశేషణమనుకుంటే పొరపాటే. "అఫిసినా" అంటే మందుల కొట్టు. "అఫిసినారం" దాని షష్ఠీ బహువచనం, "మందుల కొట్ల యొక్క" అని అర్థం. విశేషణమే అయితే అల్లంలా ఉండేది. అల్లం "జింజిబర్ అఫిసినేల్" కదా.

మనుషులను గౌరవిస్తూ పెట్టే పేర్లూ ఎక్కువగా షష్ఠిలోనే ఉంటాయి. సామర్లకోటలో మొక్కలు పెంచి పరిశీలించి, 1793లో కలకత్తా తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ పేరు హిమాలయాల పైన్ చెట్టు "పైనస్ రాక్స్‌బర్గీ"లో ఉంది. శేషాచలం కొండల్లో పెరిగే "సైకస్ బెడ్డోమీ"లో బెడ్డోమ్ ఉన్నాడు. అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన ఆంక్షలున్న మొక్కల్లో ఇదొకటి. పురుషుడి పేరుకు "ఐ" చేరుతుంది. మొక్కల పేర్లలో హల్లు తర్వాతైతే మామూలుగా రెండు "ఐ"లు. జంతువుల పేర్లలో మొదట ఎలా రాస్తే అలాగే ఉంచుతారు. స్త్రీ పేరుకు మాత్రం "ఏ, ఈ" అనే రెండు అక్షరాలు చేరాలి. 2019లో పశ్చిమ కనుమల్లోని ఒక బల్లికి వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు మీద "ద్రవిడోగెక్కో జానకియే" అని నామకరణం చేశారు. ఆ చివరి రెండక్షరాలు పోయి "ఐ" పడితే, 1897లో పుట్టి ఆడవాళ్లకు చదువే అరుదైన రోజుల్లో శాస్త్రవేత్త అయిన ఆమె కాస్తా పేరులో మగవాడైపోతుంది.

1935 నుంచి 2011 చివరి దాకా కొత్త మొక్కను ప్రకటించాలంటే దాని వర్ణన లాటిన్‌లో ఉండి తీరాలి. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషు కూడా చెల్లుతోంది. పేరు మాత్రం లాటిన్ పద్ధతినే నడుస్తుంది. మీ కాలేజీ లైబ్రరీలో పాత వృక్షశాస్త్ర గ్రంథం ఉంటే తెరిచి చూడండి. "ఫ్లోరిబుస్ ఆల్బిస్" అని కనిపిస్తే "తెల్లని పూలతో" అని అర్థం. పంచమీ బహువచనం అది. మళ్లీ మన బస్సే!

డాక్టరు చీటీ

ఇంట్లో ఎవరికైనా రాసిచ్చిన మందుల చీటీ తీయండి. "ఏ.సి." అంటే "ఆంటే సిబుమ్", భోజనానికి ముందు. "పి.సి." అంటే "పోస్ట్ సిబుమ్", భోజనం తర్వాత. రెండు చోట్లా "సిబుమ్" ద్వితీయే. ముందున్న మాట ఒక్కటే మారింది. "బి.డి."లో "డి" "దినంలో" అనే పంచమి. రోజుకు రెండుసార్లని మొత్తం అర్థం. "హెచ్.ఎస్." అంటే "హోరా సోమ్ని". హోరా పంచమి, సోమ్ని షష్ఠి: నిద్ర యొక్క వేళలో.

పూర్తిగా రాసినప్పుడు ఈ లాటిన్‌లో సందేహానికి తావు తక్కువ. కుదించి గిలికినప్పుడే ప్రమాదం. "క్యు.డి." అంటే రోజుకు ఒకసారి, "క్యు.ఐ.డి." అంటే నాలుగుసార్లు. మధ్యలో ఒక చుక్క కాస్త సాగితే "ఐ"లా కనబడి, రోగి ఒక మోతాదు బదులు నాలుగు మోతాదులు మింగవచ్చు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితా ఒకటి తయారుచేసి, అందులో "క్యు.డి."ని చేర్చింది. దాని బదులు "రోజుకు ఒకసారి" అనే అర్థం వచ్చే మాటను పూర్తిగా రాయమంది.