పాత ఇంజనుకు మరమ్మతు: బలమా, పొదుపా?

బుచ్చిరెడ్డిపాలెంలో ఒకాయనకు పాత అంబాసిడర్ కారు ఉందనుకుందాం. పెట్రోలు బండి. పెళ్ళిళ్ళకూ, నెల్లూరు ఆసుపత్రులకూ, తిరుమల యాత్రలకూ అద్దెకు తిప్పుతాడు. ఈ మధ్య అది నీలం పొగ చిమ్ముతోంది. కాస్త ఎత్తు వస్తే ఆయాసపడుతోంది. పెట్రోలూ, ఇంజనాయిలూ రెండూ ఎక్కువే తాగుతోంది. మెకానిక్కు చూసి, "ఇంజను బోరుకొచ్చింది, దింపాల్సిందే" అన్నాడు. ఎలాగూ ఇంజను విప్పుతున్నారు గనుక బలం పెంచమని ఒకరూ, మైలేజీ పెంచమని మరొకరూ సలహా ఇచ్చారు. కారు యజమాని రెండూ కావాలన్నాడు!

రెండూ దొరుకుతాయా? కొంతవరకు తప్పకుండా దొరుకుతాయి. ఆ తర్వాత మాత్రం ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదులుకోవాలి. ఆ హద్దు ఎక్కడుందో తెలియకపోతే మరమ్మతుకు పెట్టిన డబ్బు దండగవుతుంది. ఒక్కొక్కసారి ఇంజనే పాడవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో మీరు బడిలో నేర్చుకున్న భౌతికశాస్త్రంతోనే కనుక్కోవచ్చు.

శక్తి ఎక్కడికి పోతుంది?

లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. పాతకాలపు ఇంజనులో ఇందులో దాదాపు నాలుగో వంతు మాత్రమే ఇరుసును తిప్పే పనికి వస్తుంది. మిగిలినదంతా రేడియేటరు నీటిని వేడి చేయడానికీ, పొగగొట్టం గుండా వేడిగాలిగా పోవడానికీ, భాగాల మధ్య ఘర్షణకూ ఖర్చవుతుంది. కొత్త శక్తిని ఏ మెకానిక్కూ పుట్టించలేడు. ఆ నాలుగో వంతును కాస్త పెంచగలడు, లేదా గంటకు ఎక్కువ పెట్రోలు మండించి ఎక్కువ బలం రాబట్టగలడు. మొదటిది పొదుపు, రెండవది ఖర్చు. ఈ తేడా గుర్తుంచుకోండి.

సైకిలు పంపు పాఠం

మీ ఇంట్లో సైకిలు పంపు ఉంటే దాని చివర వేలితో మూసి పిడిని కిందికి నొక్కండి. పంపు బాగుంటే గాలి ఎదురు తంతుంది. లోపలి తోలు వాషరు అరిగిపోతే ఎంత నొక్కినా గాలి పక్కల నుంచి జారిపోతుంది. ఇంజను సిలిండరు కూడా ఇలాంటిదే. పిస్టను చుట్టూ ఉండే రింగులు ఆ వాషరు పని చేస్తాయి. ఏళ్ళ తరబడి రాపిడి వల్ల రింగులు అరుగుతాయి. గుండ్రని సిలిండరు గోడ కూడా అరిగి కోలగా మారుతుంది. మండిన వాయువు పిస్టనును నెట్టకుండా పక్కల నుంచి కిందికి జారిపోతుంది. కింది నుంచి ఆయిలు పైకి వచ్చి మండుతుంది. ఆ నీలం పొగ అదే.

అందుచేత సిలిండరును మళ్ళీ గుండ్రంగా కోయించి, కొంచెం పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు వేస్తారు. దీన్నే రీబోరు అంటారు. సరిగా మూసుకోని వాల్వులను కూడా రుద్ది సరిచేస్తారు. ఈ పనితో బలమూ, పొదుపూ రెండూ పెరుగుతాయి. ఎందుకంటే ఇక్కడ కొత్తగా ఏమీ అడగడం లేదు, కారిపోతున్నదాన్ని ఆపుతున్నాం.

రీబోరు వల్ల ఇంజను పెద్దదై బలం వచ్చిందని కొందరు అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. అంబాసిడరులో చాలాకాలం వాడిన 1489 సీసీ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం సుమారు 73 మి.మీ., పిస్టను కదిలే దూరం 88.9 మి.మీ. వ్యాసం 1 మి.మీ. పెంచితే మొత్తం ఘనపరిమాణం సుమారు 1530 సీసీ అవుతుంది. అంటే నూటికి మూడు కూడా పెరగలేదు. మరమ్మతు తర్వాత కనిపించే హుషారుకు ముఖ్య కారణం ఆ 41 సీసీలు కావు, లీకు ఆగిపోవడమే.

గట్టిగా అదిమితే లాభం

పిస్టను కిందికి వచ్చినప్పుడు సిలిండరులో ఉండే మొత్తం చోటును, పైకి వెళ్ళినప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేది సంపీడన నిష్పత్తి. దీన్ని పెంచితే అదే పెట్రోలు ఎక్కువ పని చేస్తుంది. లెక్కల్లోని ఆదర్శ ఇంజనుకు నిష్పత్తి 7 అయితే దక్షత 54 శాతం. 8 అయితే సుమారు 56.5, 9 అయితే 58.5. నిజం ఇంజను దక్షత ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు గాని, పెరిగే తీరు ఇదే.

మన 1489 సీసీ ఇంజను నిష్పత్తి 7 అనుకుంటే పిస్టను పైన మిగిలే చోటు 62 సీసీలు. దాన్ని 53కు తగ్గిస్తే నిష్పత్తి 8 అవుతుంది. తగ్గించాల్సింది తొమ్మిది సీసీలే, రెండు టీస్పూన్ల కన్నా తక్కువ! హెడ్డు అడుగుభాగాన్ని కొద్దిగా చెక్కించి ఈ పని చేస్తారు. దీని వల్ల కూడా బలమూ, పొదుపూ కలిసే పెరుగుతాయి.

అయితే 12 దాకా పెంచేస్తే పోలేదా? పోతుంది, ఇంజను పోతుంది! గాలిని అదిమితే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగు పట్టుకుంటే మీకే తెలుస్తుంది. మరీ అదిమితే ప్లగ్గు నుంచి బయలుదేరిన మంట వచ్చేలోపే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. అప్పుడు ఇంజనులో టకటకమని చప్పుడు వస్తుంది. అదే నాకింగ్. అది చాలాకాలం సాగితే పిస్టనుకు చిల్లు పడుతుంది. పైగా 7 నుంచి 8కి పెంచినప్పుడు దక్షత ఉన్నదానిపై నాలుగు శాతానికి పైగా పెరుగుతుంది. 8 నుంచి 9కి మూడున్నరే. లాభం తగ్గుతూ పోతుంది, ప్రమాదం పెరుగుతూ పోతుంది. ఎక్కడ ఆగాలో వాడే పెట్రోలు ఎంత అదుముడు తట్టుకుంటుందో దాన్నిబట్టి ఉంటుంది.

ఇక్కడి నుంచి బేరమే

ఇంతవరకు రెండూ దొరికాయి. ఇక కార్బురేటరు దగ్గరకు రండి. గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 15 గ్రాముల దాకా గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు తొమ్మిది వేల లీటర్ల గాలి, ఒక చిన్న గదిలో పట్టేంత!

మిశ్రమంలో గాలి 12, 13 వంతులకు తగ్గితే బలం ఎక్కువ. 16 వంతులకు పెరిగితే పొదుపు ఎక్కువ. ఎందుకు? పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. వచ్చేవారికి మించి వండితే ఎవరూ ఆకలితో లేవరు, కాని కొంత మిగిలి పారబోయాలి. కొంచెం తగ్గించి వండితే మెతుకు మిగలదు, కాని చివరి బంతిలో కొందరికి కడుపు నిండదు. ఇంజనులో అతిథులు గాలిలోని ఆక్సిజన్, వంట పెట్రోలు. కార్బురేటరులో పెద్ద జెట్టు వేయించి "పికప్ పెరిగింది" అని సంతోషించేవారు మిగిలిన వంటకు కూడా డబ్బు కడుతున్నారన్నమాట.

వాల్వులను తెరిచి మూసే క్యాంషాఫ్టు సంగతీ అంతే. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండేలా చెక్కిన క్యాంషాఫ్టు వేస్తే ఇంజను మహావేగంగా తిరిగేటప్పుడు బలం పెరుగుతుంది. మెల్లగా తిరిగేటప్పుడు మాత్రం ఇంజను నీరసిస్తుంది. పందెం కారుకు అది మేలు. బుచ్చి బజారులో ఎడ్లబండి వెనుక మెల్లగా పోయే కారుకు కీడు.

మనకు ఎంత బలం కావాలి?

ఈ ప్రశ్నే ముందు వేసుకోవాలి. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం, సంగం మీదుగా ఆత్మకూరు వెళ్ళే దారి చూడండి. ఇటు చాలా దూరం పెన్నా నీటితో పండే వరిచేల నడుమ చదునైన నేల. మనుషులతో కలిసి 1400 కిలోల కారు ఇలాంటి దారిలో గంటకు 60 కి.మీ. వేగంతో పోవడానికి ఉజ్జాయింపుగా 9 అశ్వశక్తి చాలు. ఇంజను ఇవ్వగలిగింది సుమారు 50. అదే 90 కి.మీ. వేగానికి 21 దాకా కావాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి అడ్డు రెండుంబావు రెట్లవుతుంది మరి! పొదుపు సగం డ్రైవరు పాదంలో ఉందనేది అందుకే.

మరి తిరుమల కొండ? తిరుపతి నుంచి ఎక్కాల్సిన ఎత్తు సుమారు 700 మీటర్లు. 1400ను 9.8తోనూ, 700తోనూ గుణించండి: 96 లక్షల జౌళ్ళు. అరగంటలో ఎక్కితే సెకనుకు 5300 జౌళ్ళు, అంటే 7 అశ్వశక్తి. చక్రాల రాపిడిని కలిపినా అంతకు రెట్టింపు కాదు. చూశారా, కొండకు కూడా కావలసింది గొప్ప అశ్వశక్తి కాదు. మెల్లగా తిరుగుతూ గట్టిగా లాగే గుణం, తగిన గేరు కావాలి. ఆ 96 లక్షల జౌళ్ళకు లీటరుకు పైగా పెట్రోలు ఖర్చవక తప్పదు. ఏ మరమ్మతూ కొండ ఎత్తు తగ్గించలేదు!

డీజిలు దారి

డీజిలు ఇంజను గాలిని ఇరవై రెట్ల దాకా అదుముతుంది. పెట్రోలు ముందుగా కలిసి ఉండదు గనుక నాకింగ్ భయం లేదు. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. అందుకే పొదుపు ఎక్కువ. 1980 ప్రాంతంలో అంబాసిడరుకు డీజిలు ఇంజను వచ్చింది. బలం 37 అశ్వశక్తే అయినా టాక్సీలవాళ్ళు దాన్ని ఆదరించారు. ఎందుకో పై లెక్కే చెబుతుంది. 2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. పాత కారుకు వేరే ఇంజను బిగించాలంటే రవాణాశాఖ అనుమతి తప్పనిసరి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం అలా చెబుతోంది.

ఇవాళ్టి పెట్రోలు

మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిపివేశారు. సీసం గాలికి విషమే గాని, పాత ఇంజన్ల వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. అందుచేత ఇంజను దింపినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించడం మంచిది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ నాకింగును బాగా తట్టుకుంటుంది గాని, లీటరుకు దాని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. లెక్క వేస్తే మిశ్రమంలో శక్తి 7 శాతం తగ్గుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను అది పాడుచేయవచ్చు. వాటినీ అప్పుడే మార్చాలి.

ఇప్పుడు మన కారు యజమానికి ఏం చెబుదాం? లీకులు ఆపించమందాం. సంపీడన నిష్పత్తిని పెట్రోలు తట్టుకునే మేరకే పెంచమందాం. పెద్ద జెట్టు, పందెపు క్యాంషాఫ్టు వద్దందాం. కొత్త రింగులు కుదురుకునేదాకా కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమందాం.

మరమ్మతు ఫలించిందో లేదో చెవితో తేల్చకూడదు. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ నిండా పోయించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. మరమ్మతుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే దారిలో, అదే వేగంతో చూడాలి. మీ ఇంట్లో మోటారు సైకిలు ఉంటే రేపే మొదలుపెట్టవచ్చు. వారం రోజులు మామూలుగా నడిపించి, మరో వారం పది కిలోమీటర్ల వేగం తగ్గించి నడపమనండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి నాన్నగారికి చూపించండి.