బిగిసిన పట్టీ, తెగిన పట్టీ

సరుకు కట్టేవాడికి పరికరం ఉంది. విప్పేవాడికి మాత్రం ఉలీ సుత్తే దిక్కు.

ఢిల్లీలోని తుగ్లకాబాద్ కంటెయినర్ డిపోలోనో, ఘాజియాబాద్ ఇనుప మార్కెట్లోనో అడుగడుగునా కనిపించే వస్తువు ఉక్కు పట్టీ. రేకు చుట్టలు, పైపుల కట్టలు, యంత్రాల పెట్టెలు అన్నిటి నడుముకూ అదే. మందం అర మిల్లీమీటరు. అయినా 19 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ తెగాలంటే దానికి సుమారు 800 కిలోల బరువు వేలాడాలి.

ఈ పట్టీని లాగి బిగించడం, ముడి వేయడం, మిగిలిన తోకను కత్తిరించడం... మూడు పనులూ ఒకే చేతి పరికరం చేసేస్తుంది. కొనేవాళ్లు అడిగేది మొదటి రెండింటి గురించే. చిక్కంతా మూడోదానితో. ముడి దగ్గర పట్టీ రెండు పొరలుగా ఉంటుంది. చుట్ట నుంచి వచ్చే పైపొర తెగాలి. సరుకును పట్టి ఉంచే కింది పొరకు గీత కూడా పడకూడదు. పిడి నొక్కితే దిగే బ్లేడు ఈ తేడాను పాటించాల్సింది అర మిల్లీమీటరు వ్యవధిలో. కాస్త ఎక్కువ దిగితే కింది పొరకు గాటు పడుతుంది, లారీ కుదుపులకు పట్టీ సరిగ్గా అక్కడే తెగుతుంది. బ్లేడు అరిగి తక్కువ దిగితే తోక వేలాడుతూ ఉండిపోతుంది. దాన్ని కార్మికుడు చేత్తో అటూ ఇటూ వంచి విరుస్తాడు. అలా మిగిలిన గరుకు అంచు సంగతి తర్వాత పట్టుకున్నవాడి అరచేతికి తెలుస్తుంది. అందుకే బ్లేడు లోతును మనిషి బలానికి వదలకుండా పిడి కదలికకే కట్టేసే ఏర్పాటు అవసరం.

ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. 1913లో షికాగోలో పుట్టి, 2018లో క్రౌన్ హోల్డింగ్స్ చేతికి వెళ్లిన సిగ్నోడ్ సంస్థకు నగర శివార్లలోని రుద్రారంలో ఫ్యాక్టరీ ఉంది.

ఎంత మంచి బ్లేడైనా అది తెంచేది బిగుతు లేని తోకనే. బిగిసి ఉన్న పట్టీని తెంచాల్సింది సరుకు దిగే చోట. లోపల చుట్ట విచ్చుకోవాలని చూస్తుంటుంది, పట్టీ తెగగానే కొస కొరడాలా లేస్తుంది. దీనికి పొడవు పిడుల కట్టర్లు ఉన్నాయి. వాటి కింది దవడ పలుచగా ఉండి పట్టీ అడుగుకు దూరుతుంది. పక్కకు నిలబడి తెంచవచ్చు. ఉలితో ఆ వీలు లేదు. రెండు చేతులూ పనిలో ఉంటాయి, మొహం సరిగ్గా పట్టీ పైనే ఉంటుంది. పల్లేదార్లు (ఢిల్లీలో హమాలీలను ఇలాగే పిలుస్తారు) కళ్లద్దాలు పెట్టుకోవడం అరుదు.

కంటి రక్షణ గురించి 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ స్పష్టంగానే చెప్పింది. కానీ లారీ దించే గిడ్డంగి ఫ్యాక్టరీ కాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఫ్యాక్టరీ గేటు దాటి వ్యాపార సంస్థలకూ వర్తిస్తుంది. అయితే సాధారణంగా పది మంది కార్మికులుంటేనే. ఇనుప మార్కెట్లో నలుగురైదుగురితో నడిచే కొట్లకు కొదవ లేదు.

గుర్గావ్, మానేసర్‌ల వాహన విడిభాగాల ఫ్యాక్టరీల్లో నలిగిన వేళ్ల లెక్కను సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి ‘క్రష్డ్’ నివేదికల్లో బయటపెడుతోంది. అందులో ప్రధాన దోషి పవర్ ప్రెస్. గిడ్డంగి ముందు ఉలి పట్టుకున్న మనిషి ఆ లెక్కలోకి రాడు. పట్టీ, పరికరం సరుకు పంపే కంపెనీ ఖర్చు. దించే చోట కట్టర్ ఎవరు కొనాలన్నది మాత్రం ఏ బిల్లులోనూ కనిపించదు.