తోడు నిలిచే సేవ

దైవదర్శనానికి వచ్చే భక్తులలో ఎందరో తమ ఇంట్లోని రోగి క్షేమాన్ని కోరి మొక్కుకునేవారే. ఆరు సంవత్సరాల క్రితం నేనూ అటువంటి మొక్కుతోనే క్యూలో నిలుచున్నాను. నా సహధర్మచారిణికి రొమ్ము క్యాన్సర్ అని వైద్యులు నిర్ధారించిన వారం అది. భగవదనుగ్రహం వలన, వైద్యుల కృషి వలన ఆమె నేడు ఆరోగ్యంగా ఉన్నది. ఆ చికిత్సాకాలంలో నేను గ్రహించిన విషయాలను, నేను చేసిన రెండు పొరపాట్లతో సహా, భక్తులకు విన్నవించుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

దాచిపెట్టడం మొదటి పొరపాటు

వ్యాధి సంగతి ఎవరికీ తెలియరాదని నేను నిశ్చయించుకున్నాను. పెళ్లీడుకు వచ్చిన కుమార్తె ఉన్నది. నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచం. వంట, మందులు, ఆసుపత్రి ప్రయాణాలు అన్నీ మేమిద్దరమే చూసుకున్నాము. ఒక రాత్రి ఆమె, "ఏమండీ, నాకు వచ్చింది రోగమే కదా! తప్పు చేసినట్లు ఎందుకు దాస్తున్నారు?" అని అడిగినది. నా వద్ద సమాధానం లేకపోయినది.

మరునాడు పక్కింటి ఆమెకు చెప్పాను. ఆమె కన్నీరు పెట్టుకోలేదు, సలహాలూ చెప్పలేదు. "మాస్టారూ, కీమో ఇచ్చిన రోజు, ఆ తరువాతి మూడు రోజులు మీకు భోజనం మా ఇంటి నుంచే వస్తుంది. వదినగారికి ఏది సహిస్తుందో ముందురోజు చెప్పండి, చాలు" అన్నది. చికిత్స ముగిసేవరకు ఆ మాట తప్పలేదు.

తోడు మూడు విధాలు

రోగికి లభించే తోడును మూడు విధాలుగా చెప్పుకోవచ్చు. పక్కింటి ఆమె చేసినది కార్యరూపమైన సహాయం. వంట, ప్రయాణం, ధనం, పిల్లల సంరక్షణ ఈ కోవలోనివి. రెండవది తెలియజెప్పే సహాయం: ఏ కాగితాలు కావాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి అన్నవి. మూడవది మనసుకు ఊరట. ఇందులోనే నా రెండవ పొరపాటు జరిగినది.

ఆమె భయాన్ని చెప్పుకోబోయినప్పుడల్లా నేను "ధైర్యంగా ఉండు, ఏమీ కాదు" అనేవాడిని. కొన్నాళ్లకు ఆమె చెప్పడమే మానివేసినది. ధైర్యం చెబుతున్నాననుకుని నేను ఆమె నోరు మూయించాను. ఆసుపత్రి వరండాలో, చికిత్స పూర్తి చేసుకున్న ఒక స్త్రీ ఆమె పక్కన కూర్చుని అరగంట మాట్లాడినది. "రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. నేనూ ఏడ్చాను. తరువాత మళ్లీ వచ్చింది, చూడండి" అని తన జడ చూపినది. ఆ రాత్రి నా భార్య చాలాకాలం తరువాత నిశ్చింతగా నిద్రపోయినది. జుట్టు రాలిన తరువాత బస్సులో ఎవరో, "తిరుపతి వెళ్లి వచ్చారా అమ్మా?" అని అడిగితే, నవ్వి ఊరుకోగలిగినది.

పరిశోధనలు చెప్పేది

1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ డేవిడ్ స్పీగెల్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ గల 86 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనాన్ని ప్రకటించారు. వారం వారం కలుసుకుని కష్టసుఖాలు చెప్పుకున్నవారు ఎక్కువకాలం జీవించారని అందులో తేలినది. కాని 2001లో కెనడాలో 235 మందిపై జరిగిన పరిశోధనలో ఆయుష్షు పెరిగినట్లు కనబడలేదు. మనోవేదన, నొప్పి మాత్రం తగ్గాయి. కనుక తోడు మందుకు బదులు కాదని గ్రహించాలి.

అయితే చికిత్స సకాలంలో అందడానికి, మధ్యలో ఆగిపోకుండా ఉండడానికి తోడు ఎంతో అవసరం. అమెరికాలో ఏడు లక్షలకు పైగా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, వివాహితులలో వ్యాధి బాగా ముదిరిన తరువాత బయటపడడం తక్కువగాను, పూర్తి చికిత్స పొందడం ఎక్కువగాను కనిపించినది. "ఒకసారి డాక్టరుకు చూపించుకో" అని పోరే మనిషి, వెంట వెళ్లే మనిషి ఇంట్లో ఉండడమే ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. ఆ మనిషి కుమారుడైనా, స్నేహితుడైనా, ఇరుగుపొరుగువారైనా కావచ్చును. కేరళలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేసే పద్ధతి మలప్పురం మొదలైన జిల్లాలలో వేళ్లూనుకున్నది.

మనం చేయదగినవి

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగికి వేరే గ్లాసు, వేరే కంచం పెట్టడం వలన ఎవరికీ రక్షణ కలుగదు. ఆ మనసు మాత్రం గాయపడుతుంది. నిజానికి జాగ్రత్త పడవలసినది మనమే. కీమోథెరపీ వలన రోగి శరీరంలో తెల్లరక్తకణాలు తగ్గవచ్చును. కనుక జలుబు, జ్వరం ఉన్నవారు పరామర్శకు వెళ్లరాదు. భక్తితో తీసుకువెళ్లిన ప్రసాదమైనా, పండైనా వైద్యుని అడిగిన తరువాతే పెట్టాలి. "ఫలానావారు ఈ రోగంతోనే పోయారు" అన్న కథలు, ఎవరో చెప్పిన పసరు మందులు రోగి గడప దాటనీయరాదు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే మొహమాటస్థులు ఎన్నటికీ అడగరు. "గురువారం ఆసుపత్రికి నేను తోడు వస్తాను" అంటే కాదనరు. రోగిని కనిపెట్టుకుని ఉన్నవారికి ఒక పూట విశ్రాంతినివ్వడమూ సేవయే.

దాతలకు ఒక మనవి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వలన ఎందరో పేదలకు క్యాన్సర్ చికిత్స అందుతున్నది. అయినా రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. పల్లె నుండి వచ్చినవారు అంతకాలం పట్టణంలో ఎక్కడ ఉండాలి? తోడు వచ్చినవారి కూలి ఎవరు ఇస్తారు? ఈ ప్రశ్నలకు దారి దొరకక చికిత్సను మధ్యలో వదలి వెళ్లేవారు ఉంటారు. క్యాన్సర్ ఆసుపత్రి సమీపంలో ఒక గది బస, రెండు పూటల భోజనం, బస్సు ఛార్జీ సమకూర్చగలిగితే ఒక చికిత్స పూర్తి కావచ్చును.

మొక్కు చెల్లించి ఇంటికి చేరిన తరువాత, మీ వీధిలో ఈ వ్యాధితో బాధపడుతున్నవారు ఉన్నారేమో ఒకసారి విచారించండి. ఉంటే, వెళ్లి కాసేపు కూర్చోండి. వారు చెప్పేది వినండి. ఆ రోగులందరికీ స్వస్థతను, వారి పక్కన నిలిచేవారికి ఓర్పును ప్రసాదించమని భగవంతుని ప్రార్థిస్తున్నాను.