గుంట నీళ్లు ఎటు పోతాయి?

నెల్లూరు నుంచి మైపాడు వైపు పోతుంటే రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ కనిపిస్తాయి. బండిలో ఊరి నుంచి వచ్చిన చుట్టం ఉంటే అడిగే మాట ఒకటే: "వీటికి హార్మోన్ ఇంజక్షన్లు వేస్తారంట కదా?"

ఎకరా గుంటలో లక్షల్లో ఉండే వనామీ రొయ్యల్ని ఒక్కొక్కటే పట్టి సూది వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. హార్మోను కథ ఉన్నది హ్యాచరీలో. తల్లి రొయ్యను గుడ్లకు రానివ్వని హార్మోను దాని కంటికాడలో తయారవుతుంది. అందుకే ఒక కన్ను తీసేస్తారు. కొద్దిరోజులకే గుడ్లు పెడుతుంది. వింటేనే ఒళ్లు జలదరిస్తుంది గానీ, ప్రపంచమంతటా హ్యాచరీల్లో ఇది మామూలు పనే.

నిజానికి నీళ్లలోకి హార్మోన్లు వదులుతున్నది మనం. మూత్రంలో పోయే ఈస్ట్రోజెన్, గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఎస్ట్రడయాల్. కాలేయం వీటిని వేరే పదార్థంతో ముడివేసి, పనిచేయకుండా చేసి బయటికి పంపుతుంది. మురుగులోని బ్యాక్టీరియా ఆ ముడి విప్పేస్తుంది. హార్మోనుకు మళ్లీ ప్రాణం వస్తుంది. శుద్ధి కేంద్రంలో గాలి కొట్టి పెంచే సూక్ష్మజీవులు సహజ ఈస్ట్రోజెన్‌ను చాలావరకు తినేస్తాయి. మాత్రలోది మాత్రం మొండిఘటం. దానికి ఓజోనో, యాక్టివేటెడ్ కార్బనో కావాలి. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపిక చేసిన కేంద్రాల్లో ఈ అదనపు శుద్ధిని చట్టంలో పెట్టింది. కెనడాలో 2001 నుంచి 2003 దాకా ఒక సరస్సులో లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున మాత్రలోని ఆ హార్మోను కలిపి చూశారు. మగ చేపల్లో ఆడ లక్షణాలు వచ్చాయి, ఒక చిన్నచేప జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

మన గుంటల దగ్గర ఇంత చదువు లేదు. 1996 డిసెంబర్ 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల సాగుపై కొరడా ఝళిపించింది. తర్వాత 2005లో చట్టం వచ్చింది. 5 హెక్టార్లు దాటిన క్షేత్రాలకు వ్యర్థజలాల శుద్ధి తప్పనిసరి అని అప్పట్లో అన్నారు. మన దగ్గర ఎక్కువమంది చిన్న రైతులే, ఆ లెక్కలోకి రాలేదు. తర్వాత వనామీకైతే గుంట ఎంత చిన్నదైనా శుద్ధి ఉండాలన్నారు. పోనీ శుద్ధి చెరువు కట్టినా, అది బురదను దించడానికి, మేత మిగులును కరిగించడానికి. నానోగ్రాముల్లో ఉండే హార్మోన్ల కోసం కాదు. ఊళ్ల మురుగూ చివరికి చేరేది ఇక్కడి వాగులకే, సముద్రానికే.

పట్టుబడి అయ్యాక గుంట నీళ్లు వాగులోకి వదులుతారు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ తెగులు గుంట నుంచి గుంటకు పాకిన దారుల్లో ఇదీ ఒకటి. వాగులో పోటెక్కేసరికి అవతలి గట్టు మీద ఇంకో రైతు మోటారు వేస్తాడు.