ఋణత్వరణం

కదిలే వస్తువు వేగం తగ్గుతున్నపుడు, ఆ తగ్గుదల రేటును '''ఋణత్వరణం''' అంటారు. ఇది వేరొక రాశి కాదు. చలన దిశకు ఎదురుగా ఉన్న త్వరణమే. కావున లెక్కలలో దీనికి ఋణ గుర్తు ఇవ్వాలి. త్వరణం స్థిరంగా ఉన్నపుడు ఈ సూత్రం వర్తిస్తుంది:

: తుదివేగ వర్గం = తొలివేగ వర్గం + 2 × త్వరణం × దూరం

== ఉదాహరణ ==
కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2021లో ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయంలో రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఒక విమానం రన్‌వే మొదలుకు 300 మీటర్ల అవతల, సెకనుకు 60 మీటర్ల వేగంతో (గంటకు 216 కిలోమీటర్లు) నేలను తాకిందనుకుందాం. త్వరణం −1.2 మీ/సె² అయితే (ఈ విలువలు లెక్క కోసం తీసుకొన్నవి), ఆగడానికి కావలసిన దూరం 3,600 ÷ 2.4 = 1,500 మీటర్లు; పట్టే కాలం 60 ÷ 1.2 = 50 సెకన్లు. ముందు ఇంకా 200 మీటర్ల రన్‌వే మిగులుతుంది.

సగం దూరం వెళ్ళేసరికి వేగం సగమవుతుందనుకోవడం విద్యార్థులలో తరచు కనిపించే పొరపాటు. వేగం సగమయ్యేది సగం కాలానికి. మొదటి 25 సెకన్లలో సగటు వేగం 45 మీ/సె. అంటే 1,125 మీటర్లు, మొత్తం దూరంలో నాలుగింట మూడు వంతులు, అప్పటికే గడిచిపోతాయి.

రాయలసీమలో వానలు తక్కువే గాని, తడిసిన రన్‌వేపై బ్రేకుల పట్టు తగ్గుతుంది. త్వరణం −1 మీ/సె² మాత్రమే అయితే ఆగడానికి 3,600 ÷ 2 = 1,800 మీటర్లు కావాలి. మొదటి 300 మీటర్లు కలిపితే 2,100. విమానం రన్‌వే దాటిపోతుంది.