ఈతకొలనులో మట్టం తగ్గింది: ఆవిరైందా, కారిపోతోందా?

మే నెల వచ్చిందంటే ఢిల్లీ శివారు ఛత్తర్‌పూర్ ఫామ్‌హౌస్‌ల్లో, గురుగ్రామ్ విల్లాల్లో ఈతకొలనుల నీటిమట్టం రోజురోజుకూ దిగుతుంది. గొట్టం పెట్టి మళ్లీ నింపేస్తారు. ఆ నీరు గాలిలో కలిసిందా, పగుళ్లలోంచి నేలలోకి ఇంకిందా అన్నది చాలామంది పట్టించుకోరు. వానలతో చేరేదానికన్నా ఎక్కువ భూగర్భజలాన్ని తోడేస్తున్న ప్రాంతం గురుగ్రామ్. అలాంటి చోట పట్టించుకోవాల్సిన ప్రశ్నే ఇది.

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న కొలనులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే పోయినవి 320 లీటర్లు. ఢిల్లీ వేసవిలో రోజుకు సెంటీమీటరు అటూ ఇటూ ఆవిరి కావడం మామూలే. అంటే నెలకు దాదాపు పదివేల లీటర్లు!

దీనికి ఎండ ఒక్కటే కారణం కాదు. నీటి ఉపరితలం దగ్గర ఉండే ఆవిరి పీడనానికీ, పైనున్న గాలిలోని ఆవిరి పీడనానికీ తేడా ఎంత ఉంటే నీరు అంత వేగంగా ఆవిరవుతుంది. 30 డిగ్రీల నీటి దగ్గర ఆ పీడనం సుమారు 4.2 కిలోపాస్కల్స్. మే మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో తేమ 15 శాతమే ఉంటే, గాలిలో ఉండేది 1.2 మాత్రమే. జులైలో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున అది 3.8 వరకు చేరుతుంది. తేడా దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. పైగా మేలో వీచే 'లూ' వడగాలి ఉపరితలం మీది తేమను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. రాత్రయినా ఇది ఆగదు, నీరు పగటి వేడిని దాచుకుంటుంది కదా.

మరి లీకేజీని పట్టేదెలా? ఒక బకెట్ చాలు. దాన్ని కొలను నీటితో నింపి, లోపలి మట్టం, బయటి మట్టం సమానంగా ఉండేలా కొలను మెట్టు మీద నిలపాలి. గట్టు మీద పెడితే కుదరదు. బకెట్‌లో నీరు వేరే ఉష్ణోగ్రతకు చేరి లెక్క తప్పుతుంది. రెండు మట్టాలకూ గీతలు గీసి, 24 గంటలు ఎవరినీ ఈతకు దిగనివ్వకూడదు. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. కొలనులో ఎక్కువ తగ్గితే ఆ తేడా లీకేజీ. బకెట్ అంచు గాలిని కాస్త అడ్డుకుంటుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు కంగారు పడనక్కర్లేదు. పంపు నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చూడండి. నడిచినప్పుడే ఎక్కువ పోతుంటే, నీటిని కొలనులోకి తిప్పిపంపే పైపులను అనుమానించాలి.

మట్టం స్కిమ్మర్ నోటికి సగం ఎత్తులో ఉండాలి. అంతకన్నా బాగా దిగితే పంపు గాలి పీల్చి పాడవుతుంది. ఆవిరితో పోయేది నీరే, లవణాలు కొలనులోనే మిగులుతాయి. బోరు నీటితో నింపిన ప్రతిసారీ మరికొన్ని చేరతాయి. టైల్స్ మీద కనిపించే తెల్లటి చార అదే. వాడనప్పుడు కవరు కప్పితే ఈ నష్టంలో చాలా భాగం ఆగుతుంది.

ఇక జనవరి పొగమంచులో, నీటిని వేడిచేయని కొలనులో కూడా రోజుకు సెంటీమీటరు తగ్గుతుంటే బకెట్ కూడా అక్కర్లేదు, నేరుగా ప్లంబర్‌ను పిలవచ్చు.